నక్షత్రం ఇంకా పైనే ఉంది

నవంబరు 14, 1983. సోమవారం

ఈ రోజు మళ్ళీ నాన్నతో గొడవ. గోడౌన్‌లో, అందరి ముందూ. గొంతు పెంచకూడదనుకుంటూనే పెంచాను.

ట్రాయ్ ఊళ్ళో చలి మొదలైంది కాబట్టి ట్రక్కులు ఆగే డాక్ తలుపులు మూసేస్తున్నారు. మూసిన గోడౌన్‌లో సరుకు ఎత్తే గ్యాస్ ఫోర్క్‌లిఫ్టు బళ్ళు పొద్దుటి నుంచి తిరుగుతుంటే ఆ పొగ ఎక్కడికి పోతుంది? మా ఊపిరితిత్తుల్లోకి. మధ్యాహ్నానికి నా తల పగిలిపోతుంది. ఇంకో బండి నడిపే మణి అన్నయ్యకు కళ్ళు మండుతాయి. నాన్నకూ నొప్పే. చెప్పడు. కణతలకు అమృతాంజనం రాసుకుని చలిగాలి అంటాడు.

యజమాని యోగానంద్ గారు కొత్త బండి కొనబోతున్నారు. పొగ రాని బ్యాటరీ బండి అడిగితే ఇప్పుడే అడగాలి. అడిగాను.

"బ్యాటరీ బండి అయితే రాత్రంతా ఛార్జ్ చేయాలమ్మా. గ్యాస్ అయితే సిలిండర్ మార్చి అయిదు నిమిషాల్లో పంపిస్తాం. ట్రక్కు డాక్ దగ్గర వెయిట్ చేస్తుంటే నేనేం చెప్పను?"

"మీరు ఆఫీసులో కూర్చుంటారు సార్. పీల్చేది మేము."

"రూతూ, నోర్ముయ్," అన్నాడు నాన్న. తర్వాత ఆయన వైపు తిరిగి నవ్వాడు. "పాంప్లెట్లు చదువుతుంది సార్. ఏది చదివితే అది నిజమే అనుకుంటుంది."

ఆ నవ్వే నాకు కడుపు మండిస్తుంది. నాన్న డాక్ పనివాళ్ళందరికీ పెద్ద, లీడ్‌మ్యాన్. అందరికంటే ముందు వస్తాడు, చివర వెళతాడు. అలాంటి మనిషి యజమాని ముందు ఎందుకు అలా నవ్వాలి? నాకు తెలుసు ఎందుకో. ఆదివారం సాయంత్రం మన తెలుగు క్రైస్తవ సంఘం ప్రార్థనకు కూడుకునేది ఈ గోడౌన్ ప్యాకింగ్ హాల్లోనే. యోగానంద్ గారు హిందువు అయినా ఉచితంగా ఇచ్చారు. నాన్న సంఘ పెద్ద. ఇచ్చిన చేతిని ప్రశ్నించలేడు.

కార్మికుల యూనియన్ హాలు గుమ్మంలో పెట్టిన పాంప్లెట్లో ఈ మాట ఇంకోలా రాసి ఉంది. దయ కూడా ఒక గొలుసే అని.

నవంబరు 17

పొద్దున నేను నడిపే బండి చెక్ చేశాను. టైర్లు, గొలుసు, హారన్, బ్రేకు, నూనె కారుతోందా. రోజూ చేస్తాను. ఇంకెవరూ చేయరు. నాన్న అటుగా పోతూ, "ప్రార్థన అయిందా పాంప్లెట్ రూతమ్మా?" అన్నాడు. మణి అన్నయ్య నవ్వాడు.

కీ ఇంట్లో మరిచిపోయి వచ్చాను. తిట్టించుకోవాలని సిద్ధపడ్డాను. నాన్న మణి అన్నయ్య బండి కీ తీసి నా మీదకు విసిరాడు. "ఇది పెట్టు. ఈ కంపెనీ బళ్ళన్నిటికీ ఒకటే కీ."

పెట్టాను. స్టార్ట్ అయింది. నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. మరి బండి దిగేటప్పుడు కీ తీసి జేబులో వేసుకోమని పాంప్లెట్లో ఎందుకు రాస్తారు?

నా కారు సైలెన్సర్ మార్పించమని నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు. "నువ్వు మెయిన్ రోడ్డు దిగితే నాకు డాక్‌లో తెలిసిపోతోందే. పరువు పోతోంది." మార్పిస్తానన్నాను.

నవంబరు 24. థాంక్స్‌గివింగ్

నాన్న బేస్‌మెంట్‌లో క్రిస్మస్ నక్షత్రం కడుతున్నాడు. సన్నటి చెక్కపేళ్ళు, మైదా జిగురు, ఎర్ర కాగితం, తెల్ల కాగితం. మా ఊరు నర్సాపురంలో అయితే వెదురు. ఇక్కడ కలప షాపులో పేళ్ళు. మధ్యలో బల్బు హోల్డరు. చిన్నప్పుడు నేను జిగురు గిన్నె పట్టుకునేదాన్ని. ఈ రోజూ పట్టుకున్నాను.

చల్లబడ్డాడనుకుని అడిగాను. "ఈసారి నువ్వు పైకెక్కొద్దు నాన్నా."

"ఎవరు కడతారు మరి?"

"కడితే కట్టు. సరుకు పెట్టే చెక్క పాలెట్ మీద నిలబడి కాదు. బండి ముందు ఫోర్కుల మీద మనిషిని ఎత్తకూడదు. కటకటాలున్న బాస్కెట్ ఉంటుంది, దాన్ని ఫోర్కులకు గొలుసుతో బిగిస్తారు, మనిషి బెల్ట్ పెట్టుకుంటాడు. యోగానంద్ గారిని కొనమను."

"ఏడాదికి ఒక్కసారి ఎక్కడానికి బాస్కెట్టా?"

"ఏడాదికి ఒక్కసారి పడితే చాలదా?"

నాన్న కాగితం మీద జిగురు పూస్తూ నవ్వాడు. "మనిషిని ఎత్తకూడదన్నారు. నేను మనిషినా? సంఘ పెద్దని."

మా తాత నర్సాపురం చర్చిలో నక్షత్రం తనే కట్టేవాడట. గంట స్తంభం మీదికి నిచ్చెనతో. సంఘంలో పెద్దవాడు కట్టాలి, చిన్నవాళ్ళు కింద నిలబడి పాట పాడాలి. అది పద్ధతి. నాన్న ఈ గోడౌన్‌కి వచ్చినప్పటి నుంచి కడుతున్నాడు. ప్యాకింగ్ హాలు పై దూలానికి. బండి నడిపేది మణి అన్నయ్య. ఈసారి నేను నడపాలట, ఎందుకంటే ఫోర్కులు పైకి లేచే పొడుగు స్తంభం ఉన్న బండి ఇప్పుడు నాది.

నేను నడపను. రాసి పెడుతున్నాను. నడపను.

డిసెంబరు 5

యోగానంద్ గారు గ్యాస్ బండికే ఆర్డర్ ఇచ్చారు. ప్రైస్ బాగుందట.

బాస్కెట్ సంగతి అడిగాను. "నెక్స్ట్ ఇయర్ చూద్దాంలేమ్మా."

డిసెంబరు 10. శనివారం

నాన్న పడిపోయాడు.

డిసెంబరు 11

ఆసుపత్రి. అమ్మ కుర్చీలో కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. నేను ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. రాయకపోతే ఎవరినో ఒకరిని కొడతాను.

జరిగింది జరిగినట్టు రాయాలి.

నిన్న మధ్యాహ్నం సంఘం వాళ్ళంతా వచ్చారు. పిల్లలు పాటలు ప్రాక్టీసు చేస్తున్నారు. నాన్న నక్షత్రం పట్టుకుని నా బండి ఫోర్కుల దగ్గర పాలెట్ వేయించుకుని నిలబడ్డాడు. "ఎత్తమ్మా," అన్నాడు.

ఎత్తనన్నాను.

నవ్వాడు. జోసఫ్ పాస్టరుగారు వచ్చారు. "దేవుని పని తల్లీ. ఒక్క నిమిషం. పిల్లలు చూస్తున్నారు."

"పిల్లలు చూస్తున్నారు కాబట్టే ఎత్తను పాస్టరుగారూ. రేపు వీళ్ళూ ఇదే నేర్చుకుంటారు."

అందరూ నా వైపు చూశారు. ఒక ఆంటీ, అమెరికాలో పెరిగితే ఇంతే, అంది. నాన్న మొహం ఎర్రబడింది. నేను చిన్నప్పటి నుంచి ఎన్నో మాటలన్నాను గానీ సంఘం ముందు ఎప్పుడూ కాదనలేదు. నాకు తెలుసు అది. తెలిసే అన్నాను.

పాంప్లెట్లో ఉన్నట్టే చేశాను. ఫోర్కులు నేల మీదికి దించాను. బ్రేకు వేశాను. కీ తీశాను. కోటు జేబులో వేసుకుని బయటికి నడిచాను. కారెక్కి డోనట్ షాపుకి పోయి కూర్చున్నాను. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది.

మణి అన్నయ్య ఎత్తాడు. నా బండిలో. తన బండి కీతో.

డిసెంబరు 12

డాక్టరు తల లోపల రక్తం అన్నాడు. వాపు అన్నాడు. వెయిట్ చేయాలి అన్నాడు. నాన్న చెయ్యి వెచ్చగా ఉంది. గోళ్ళ కింద ఇంకా మైదా జిగురు.

సంఘం వాళ్ళు కారిడార్‌లో ప్రార్థన చేస్తున్నారు. నేను వెళ్ళలేదు. మణి అన్నయ్య మూలన నిలబడ్డాడు. నన్ను చూసి ఒకడుగు ముందుకు వేశాడు. నేను లిఫ్ట్ వైపు తిరిగాను.

డిసెంబరు 13

నేను తిరిగొచ్చేసరికి అంతా అయిపోయింది. అందరూ అడుగుతున్నారు నువ్వెక్కడున్నావమ్మా అని. డోనట్ షాపులో. తిరిగొచ్చేసరికి అయిపోయింది.

డిసెంబరు 14

పొద్దున. నాన్న పోయాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. నేను కాఫీకి వెళ్ళాను.

డిసెంబరు 17

భూస్థాపన. నేల గడ్డకట్టుకుపోయి మిషనుతో తవ్వారు. ఆ మిషను నడిపేవాడు పని అయ్యాక ఇంజన్ ఆపి, దూరంగా టోపీ తీసి నిలబడ్డాడు. మా పాటలో ఒక్క మాట అతనికి తెలియదు. అతని ఎదుట మాత్రమే నాకు ఏడుపొచ్చింది.

డిసెంబరు 21

నాన్న కోసం ఆదరణ కూడిక గోడౌన్ హాల్లోనే పెట్టారు. ఇంకెక్కడ పెడతారు.

కుర్చీలన్నీ నక్షత్రం కింద. అది వెలుగుతోంది. దాని వైరు హాలు లైట్ల లైనుకే కలిపాడు నాన్న. లైటు వేస్తే అదీ వెలుగుతుంది. తల ఎత్తకుండా కూర్చున్నాను. నా చుట్టూ అందరూ ఎత్తుతున్నారు, చూస్తున్నారు, కళ్ళు తుడుచుకుంటున్నారు.

ఒక్కొక్కరు లేచి నాన్న గురించి సాక్ష్యం చెప్పారు. కొత్తగా వచ్చినప్పుడు కోటు కొనిపెట్టాడని. మంచులో కారు నెట్టాడని. పాస్టరుగారు చివర లేచి, దేవుడు తన సేవకుణ్ణి తన పని మీద ఉండగానే తీసుకున్నాడని అన్నారు.

నేను లేచాను. అమ్మ నా ఓణీ పట్టుకుంది. విడిపించుకున్నాను.

"దేవుడు తీసుకోలేదు," అన్నాను. "మీరు ఎత్తారు."

అందరి వైపూ తిరిగాను. "ఎత్తొద్దని చెప్పాను. బాస్కెట్ కొనమని యోగానంద్ గారిని అడిగాను. నెక్స్ట్ ఇయర్ అన్నారు. పాస్టరుగారు ఒక్క నిమిషం అన్నారు. ఒక్క నిమిషమే పట్టింది. ఇంక మణి," అన్నాను. అన్నయ్య అనలేదు. "మణికి నడపడం వచ్చు. కాదనడం రాదు. మా నాన్నకీ రాలేదు. మన సంఘంలో కాదనడం ఎవరికైనా వచ్చా?"

యోగానంద్ గారు వెనక వరసలో తల దించుకున్నారు. మణి లేచి బయటికి వెళ్ళాడు, కోటు లేకుండా, మంచులోకి.

ఇంటికొచ్చాక అమ్మ అంది, "నీకూ మీ నాన్నకూ నోరొకటే. ఆయన కొంచెం నవ్వేవాడు, అంతే తేడా."

నేను చెప్పిందంతా నిజం. ఇంకోసారి చదివాను. ఒక్క మాట కూడా తప్పు లేదు.

డిసెంబరు 25

క్రిస్మస్. వెళ్ళలేదు.

జనవరి 3, 1984

మంచు. పొద్దున లేచేసరికి మా డ్రైవ్‌వే అంతా శుభ్రంగా ఊడ్చి ఉంది. కిటికీలోంచి చూశాను. మణి. పార తుడిచి ట్రంకులో పెట్టుకుంటున్నాడు. అమ్మ తలుపు తీసి టీ ఇచ్చింది. గుమ్మంలో నిలబడే తాగాడు. లోపలికి రమ్మంటే రాలేదు. నేను మెట్ల మీద కూర్చుని వాళ్ళు మాట్లాడేది విన్నాను.

"కోడలు పద్మినికి ఎలా ఉంది?"

"బాగానే ఉంది పిన్నీ. మార్చిలో కాన్పు అన్నారు."

"నువ్వు తింటున్నావా?"

కప్పు అమ్మ చేతిలో పెట్టి మంచులోకి దిగాడు.

నాన్నే వాడికి ఉద్యోగం ఇప్పించాడు. నాన్నే బండి నేర్పాడు. వాణ్ణి క్షమించే పని నాది కాదు.

జనవరి 7

అమ్మ పొయ్యి తుడుస్తూ, వెనక్కి తిరగకుండానే అంది, "క్రిస్మస్ రోజులు అయిపోయి జనవరి ఆరు దాటితే మీ నాన్న నక్షత్రం ఉంచేవాడు కాదు."

"నేనేం చేయను?"

"తీసుకురా."

జనవరి 9

కారు వెనక సీట్లో డోనట్ల డబ్బా ఇంకా ఉంది. చలికి రాళ్ళయ్యాయి. నాన్నకు ప్లెయిన్ కేక్ డోనట్ ఇష్టం. తీపి గారె అనేవాడు, టీలో ముంచుకుని తినేవాడు. పారేద్దామని తలుపు తీసి, మూసేశాను.

జనవరి 16

పనిలోకి వెళ్ళాను. వెళ్ళకపోతే ఏం చేస్తాను. ఇంట్లో అమ్మ నన్ను చూస్తూ ఉంటుంది, నేను అమ్మను.

టైర్లు, గొలుసు, హారన్, బ్రేకు. చెక్ చేస్తుంటే ఎవరూ నవ్వలేదు. ప్రార్థన అయిందా అని ఎవరూ అడగలేదు.

నక్షత్రం వెలుగుతూనే ఉంది. పొద్దున హాలు లైట్లు వేస్తే వెలుగుతుంది, సాయంత్రం ఆపితే ఆరుతుంది. దింపమని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు, ఎక్కే ధైర్యం అంతకన్నా లేదు. కింద నుంచి కర్రతో లాగుదామని ఎవరో అన్నారట. మణి వాడి మీద చెయ్యి చేసుకోబోయాడట. పనివాళ్ళు ఆ దారి వదిలేసి చుట్టూ తిరిగి పోతున్నారు.

మణి బండి నడపడం లేదు. చేత్తో లాగే జాకీ బండితో పాలెట్లు లాగుతున్నాడు, ట్రక్కు దగ్గర నుంచి ర్యాక్ దాకా. చెమటలు కారుతున్నాయి. యోగానంద్ గారు బండి ఎక్కమన్నారట. ఎక్కాడు. ఫోర్కులు ఎత్తే లివర్ మీద చెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయాడట. తర్వాత దిగాడట.

నాకేమీ అనిపించలేదు.

జనవరి 20

నాకేమీ అనిపించలేదని రాశాను. అబద్ధం.

జనవరి 26

యోగానంద్ గారు ఆఫీసులోకి పిలిచారు. ఆ గ్యాస్ బండి ఆర్డరు క్యాన్సిల్ చేశారట. బల్ల మీద రకరకాల బళ్ళ బొమ్మలున్న కేటలాగులు పరిచారు.

"నువ్వు సెలెక్ట్ చేయమ్మా."

"ఇప్పుడెందుకు?"

ఆయన కళ్ళద్దాలు తీశారు. ఇంత ముసలివాడని నేనెప్పుడూ గమనించలేదు. "ఇప్పుడైనా, అని అడుగుతున్నాను."

అరవాలనుకున్నాను. మీ చేతులు కడుక్కోవడానికి మా నాన్న చావే నీళ్ళా అని. మాట నోటిదాకా వచ్చింది. కేటలాగు తిప్పాను. మన ర్యాకుల మధ్య దారి ఎంత ఇరుకో, పై అరలో ఎంత బరువు పెడతామో, డాక్ వాలు ఎంతో ఆలోచించి చూడాలి. పెద్దది కొంటే మలుపు తిరగదు. చిన్నది కొంటే పైన పెట్టేటప్పుడు వెనక చక్రాలు తేలుతాయి. బ్యాటరీది ఒకటి చూపించాను, ఛార్జర్ గాలి ఆడేచోట పెట్టాలని చెప్పాను. బాస్కెట్ చూపించాను. ఆయన దేనికీ ధర చూడలేదు.

నేను గెలిచాను. నాన్నా, నేను గెలిచాను. ఎవరికి చెప్పను?

ఫిబ్రవరి 8

లంచ్ రూమ్‌లో మణి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. అడగకుండా. నేను లేవబోయాను.

"ఒక్కసారి కూర్చో రూతూ. నన్ను తిట్టు, కొట్టు. విని తిట్టు."

కూర్చున్నాను.

"నువ్వు వెళ్ళాక బాబాయ్ తలుపు వైపే చూశాడు. తర్వాత అన్నాడు, దాని కోపం పాలపొంగు, వచ్చేస్తుంది, వచ్చేలోపల కట్టేద్దాం పద, అని. నేను వద్దులే బాబాయ్ అన్నాను. ఒక్కసారి అన్నాను. రెండోసారి అనలేకపోయాను. కీ లేదన్నాను. నీ కీ పెట్టరా అన్నాడు. నీకూ తెలుసు కదా, అన్నిటికీ ఒకటే."

"తెలుసు."

"కట్టాడు. పిల్లలు పాడుతున్నారు. బల్బు వెలిగింది. చూసి మురిసిపోయాడు పైన. అంతా బాగానే ఉంది. అప్పుడు..." మణి టేబుల్ మీద వేలితో గీతలు గీశాడు. "అప్పుడు బయట కారు మోత. బండి మోతలో కూడా వినిపించింది. బాబాయ్ పైనుంచి కేకేశాడు. రూతమ్మ వచ్చింది, దించెయ్ దించెయ్, చూసిందంటే మళ్ళీ అరుస్తుంది. నవ్వుతున్నాడు రూతూ. దొంగతనంగా మామిడికాయ కోసినవాడిలా నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ లివర్ నొక్కాను. పాలెట్ మూల ర్యాక్ దూలానికి ఆనుకుంది, నేను చూడలేదు. ఫోర్కులు కిందికి వచ్చేశాయి. పాలెట్ రాలేదు. తర్వాత వచ్చింది."

ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఎవరో తలుపు తీసి మమ్మల్ని చూసి మూసేశారు.

"అది నీ కారేనా?" అన్నాడు.

"కాదు," అన్నాను.

ఫిబ్రవరి 9

కాదు అన్నాను.

ఫిబ్రవరి 10

పనికి వెళ్ళలేదు. కారు తియ్యలేదు.

ఫిబ్రవరి 22

కొత్త బండి వచ్చింది. పసుపు రంగు. మోత లేదు, పొగ లేదు. మొదటిసారి నడిపితే బండి మీద ఉన్నట్టే లేదు. పక్కవాడి మాట వినిపిస్తోంది. మణి జాకీ చక్రాల కిరకిర వినిపిస్తోంది. ఈ గోడౌన్‌లో ఇన్ని చప్పుళ్ళు ఉన్నాయని ఎవరికీ తెలియదు ఇన్నాళ్ళూ.

మధ్యాహ్నం దాటినా తలనొప్పి రాలేదు. నొప్పి లేని తల పట్టుకుని సిలిండర్ల వెనక కూర్చుని ఏడ్చాను.

ఫిబ్రవరి 28

బాస్కెట్ వచ్చింది. నడుము ఎత్తు కటకటాలు, చుట్టూ ఇనప వల, వెనక గొలుసు, బెల్టు తగిలించే కొక్కెం. యోగానంద్ గారు దాని చుట్టూ తిరిగి చూసి, చేత్తో ఒకసారి కదిపి, ఏమీ అనకుండా ఆఫీసులోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

నక్షత్రంలో ఒక మొన కాగితం ఊడి వేలాడుతోంది.

ఇంట్లో అమ్మను అడిగాను, రేపు తీసుకొస్తే ఎక్కడ పెడతావని. "పెట్టను. విప్పేస్తాను. మీ నాన్న పేళ్ళు దాచి మళ్ళీ ఏడాదికి వాడేవాడు," అంది.

ఫిబ్రవరి 29. బుధవారం

అంతా రాయాలి.

పొద్దున వెళ్ళగానే చెక్ చేశాను. టైర్లు, గొలుసు, హారన్, బ్రేకు. బాస్కెట్ ఎక్కించి ఫోర్కులకు గొలుసు బిగించాను. లాగి చూశాను. మళ్ళీ లాగి చూశాను. ర్యాక్‌కి దూరంగా, నేల సమంగా ఉన్నచోట నిలిపాను. ఇవన్నీ నాకు వచ్చు. ఎక్కడమూ వచ్చు. కానీ ఎక్కినవాళ్ళు నడపలేరు. కింద ఒకరు ఉండాలి.

యోగానంద్ గారు వేరే డ్రైవర్‌ని పిలుస్తానన్నారు. వద్దన్నాను.

మణి అన్నయ్య డాక్ చివర జాకీతో ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాను. "అన్నయ్యా, నన్ను ఎత్తాలి."

అతని చేతిలోంచి జాకీ పిడి జారింది. "నా వల్ల కాదు రూతూ."

"నీ వల్లే కావాలి."

"నీకు పిచ్చా? నేనే కదా... అందరి ముందూ నువ్వే కదా అన్నావ్."

"అన్నాను. ఒకటి చెప్పలేదు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అరుపు లేదు అందులో. "ఆ రోజు కారు నాదే. నాన్నకని డోనట్లు కొన్నాను. సారీ చెబుదామని వచ్చాను. కారు ఆపి, డబ్బా తీసుకోవడానికి వెనక సీటు వైపు తిరిగాను. అప్పుడే లోపల చప్పుడు."

అతను నేల వైపు చూశాడు.

"తెలుసు."

"తెలుసా?"

"ఆ సైలెన్సర్ మోత ఈ ట్రాయ్ ఊరు మొత్తంలో ఇంకెవరి కారుకుంది?"

"మరి ఎవరికీ చెప్పలేదే? ఆ కూడికలో నేను అన్ని మాటలంటుంటే, లేచి చెప్పొచ్చుగా."

"చెప్తే ఏమొస్తుంది?" చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకున్నాడు. "మనలో ఒకళ్ళం ఆ బరువు మోస్తున్నాం కదా, చాలదా అనుకున్నాను."

జాకీని గోడ వారకు నెట్టాడు. తర్వాత అతను బండి దగ్గరికి నడిచాడు. సీట్లో కూర్చునే ముందు చుట్టూ తిరిగాడు. టైర్లు చూశాడు. గొలుసు పట్టి లాగాడు. హారన్ నొక్కాడు. బ్రేకు నొక్కాడు. నేను చెప్పలేదు.

బాస్కెట్ ఎక్కి బెల్టు తగిలించుకున్నాను. "ఎత్తు అన్నయ్యా."

పైకి లేచాను. పనివాళ్ళు దూరంగా ఆగిపోయారు. ఆఫీసు తలుపు తెరుచుకుంది. నేను కిందికి చూడలేదు.

దూలం నా మొహం ఎదురుగా వచ్చింది. దాని మీద దుమ్ము, దుమ్ములో నాన్న వేళ్ళ ముద్రలు. పక్కనే తాడు ముక్కలు, ఒకదాని తర్వాత ఒకటి. ప్రతి ఏడూ నక్షత్రం దింపేటప్పుడు తాడు కోసేవాడు కానీ ముడి విప్పేవాడు కాదు. అన్ని ముడులూ అక్కడే ఉన్నాయి. నేను ప్రతి ఏడూ కింద నిలబడి పాట పాడాను. పైన ఇది ఉందని నాకు తెలియదు.

ఈ ఏటి ముడి కూడా అలాంటిదే. రెండు మెలికలు, చివర ఒక ఉచ్చు. విప్పుదామని గోరు పెట్టి, ఆగాను. కత్తితో తాడు కోశాను. ముడి మిగతావాటి పక్కన ఉండిపోయింది. బల్బు తీశాను. వేడిగా ఉంది. నక్షత్రం గుండెకు ఆనించుకున్నాను, పిల్లను ఎత్తుకున్నట్టు. మైదా జిగురు వాసన ఇంకా ఉంది.

"దించనా రూతూ?" కింద నుంచి మణి అన్నయ్య.

"ఆగు."

ఆగాడు. బ్యాటరీ బండి మోత చేయదు. అంత ఎత్తులో నాకు బయట రోడ్డంతా వినిపించింది. మంచులో టైర్ల చప్పుడు, ఎక్కడో హారన్, గాలి. చాలాసేపు విన్నాను. ఎవరి కారూ మా డాక్ వైపు తిరగలేదు.

"ర్యాక్ చూసుకో. నాలుగు మూలలూ చూసుకో. ఇప్పుడు దించు అన్నయ్యా, నిదానంగా. ఎవరూ రావడం లేదు."